విలాస నౌకల వెంట తోడు నౌకలు: వాటిని ఏ వర్గంలో చేర్చాలి?

గుజరాత్‌లో సూరత్ నగరానికి ఈశాన్యాన, తాపీ నది ఒడ్డున కామ్‌రేజ్ ఉంది. జాతీయ రహదారి మీద లారీలు, బస్సులు రాత్రింబవళ్లు ఈ ఊరి మీదుగా సాగిపోతుంటాయి. ఈ ఊరికి ఓడలతో సంబంధం ఉందంటే ఇప్పుడు ఎవరికీ తట్టదు. కానీ క్రీస్తుశకం ఒకటో శతాబ్దంలో పేరు తెలియని ఒక గ్రీకు వర్తకుడు రాసిన 'పెరిప్లస్ ఆఫ్ ది ఎరిత్రియన్ సీ' అనే గ్రంథం ఈ తీరాన్ని వివరంగా వర్ణించింది. బరిగాజా, అంటే నేటి భరూచ్ రేవుకు వెళ్లే దారిలో 'హెరోన్' అనే ప్రమాదకరమైన ఇసుకమేట ఉందని, దానికి ఎదురుగా 'కమ్మోని' అనే పల్లె ఉందని అందులో ఉంది. ఆ కమ్మోని నేటి కామ్‌రేజ్ అయి ఉంటుందని కొందరు పండితుల అభిప్రాయం. 2003లో ఇక్కడ పురావస్తు తవ్వకాలు కూడా జరిగాయి.

ఆ గ్రంథంలో మరో ఆసక్తికరమైన సంగతి ఉంది. ఖంభాత్ సింధుశాఖలో పోటుపాట్లు చాలా ఉధృతంగా ఉంటాయి. ఇసుకమేటలు ఎక్కడున్నాయో కొత్తవారికి తెలియదు. అందుకని రాజుగారి కొలువులోని జాలరులు 'త్రప్పగ', 'కోటింబ' అనే పెద్ద పడవల్లో సౌరాష్ట్ర తీరం దాకా ఎదురు వెళ్లేవారట. పరదేశపు ఓడలను మేటల మధ్య నుంచి జాగ్రత్తగా నడిపించి, అవసరమైతే తాళ్లతో లాగి రేవుకు చేర్చేవారట.

ఈ పడవలు సరుకు వ్యాపారానికి తిరిగినవి కావు. బాటసారులను ఏరు దాటించినవీ కావు. మరో ఓడకు సాయపడటమే వాటి పని. అలాంటి నౌకలు నేటికీ ఉన్నాయి. రేవుల్లో టగ్గులు, పైలట్ పడవలు, సముద్రంలో చమురు వేదికలకు సామగ్రి చేరవేసే నౌకలు ఈ కోవకే చెందుతాయి. ఈ కుటుంబంలో ఇటీవల చేరిన నౌక ఒకటి ఉంది. అది సంపన్నుల విలాస నౌకల వెంట నడిచే తోడు నౌక. దీన్ని ఏ వర్గంలో చేర్చాలన్నది నౌకా నిబంధనల్లో చిక్కు ప్రశ్న. ఆ చిక్కును విప్పి చూస్తే, మన నదుల్లో తిరిగే మామూలు బోట్లకు కూడా వర్తించే కొన్ని మూలసూత్రాలు బయటపడతాయి.

తోడు నౌక ఎందుకు?

విలాస నౌక, అంటే యాట్, ఎంత పెద్దదైనా అందులో చోటుకు పరిమితి ఉంటుంది. గదులు, భోజనశాల, ఈతకొలను పోగా మిగిలిన చోటులో చిన్న పడవలు, జెట్‌స్కీలు, చిన్న జలాంతర్గామి, హెలికాప్టర్, ఈత సామగ్రి, ఇంధనం, సరుకులు అన్నీ ఇమడవు. వాటిని మోసుకుని వెంట వచ్చేదే తోడు నౌక. తరచుగా అది ఒక రోజు ముందే బయలుదేరి, లంగరు వేయబోయే చోట పడవలు దించి అంతా సిద్ధం చేస్తుంది.

కొన్నిసార్లు దీని అవసరం భౌతికమైనది. 2023లో పూర్తయిన 'కోరు' 127 మీటర్ల పొడవైన మూడు తెరచాప స్తంభాల యాట్. స్తంభాలు, వాటిని పట్టి ఉంచే తాళ్లు ఉన్న చోట హెలికాప్టర్ దిగడం కుదరదు. అందుకే హెలిప్యాడ్ దాని తోడు నౌక 'అబియోనా' మీద ఉంది. 75 మీటర్ల ఈ నౌకను నెదర్లాండ్స్‌కు చెందిన డామెన్ సంస్థ నిర్మించింది.

డామెన్ తోడు నౌకల వెనక చమురు క్షేత్రాల అనుభవం ఉంది. సముద్రంలోని చమురు వేదికలకు సిబ్బందిని, సామగ్రిని వేగంగా చేరవేసే నౌకలను ఆ సంస్థ అంతకుముందే నిర్మిస్తూ వచ్చింది. వాటిలో కొన్నింటి ముందుభాగం గొడ్డలి అంచులా సన్నగా, నిటారుగా ఉంటుంది. డెల్ఫ్ట్ సాంకేతిక విశ్వవిద్యాలయ పరిశోధనతో రూపొందిన ఈ ఆకృతి అలల మీద పడి లేవకుండా వాటిని చీల్చుకుంటూ పోతుంది. దానివల్ల నౌక అడుగుభాగం నీటిని బలంగా కొట్టుకోవడం తగ్గుతుంది. అంటే తోడు నౌక పని చేసే నౌకల వంశంలో పుట్టి, విలాస నౌకల ఇంట మెట్టింది. వర్గీకరణ చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది. దీన్ని సరుకు నౌక అనాలా, విలాస నౌక అనాలా?

వర్గీకరణ ఒకటి కాదు, రెండు

నౌకల వర్గీకరణ అన్న మాటను రెండు వేర్వేరు పనులకు వాడతారు. వీటిని కలిపేసుకుంటే గందరగోళం తప్పదు.

మొదటిది వర్గీకరణ సంస్థలు చేసే పని. నౌక చట్రం ఎంత గట్టిది, రేకు ఎంత మందం ఉండాలి, యంత్రాలు, చుక్కాని, లంగరు సరిగా ఉన్నాయా అన్నది ఇవి పరీక్షిస్తాయి. లండన్‌లో ఎడ్వర్డ్ లాయిడ్ కాఫీ దుకాణంలో నౌకా వర్తకులు, బీమా వ్యాపారులు కలిసేవారు. అక్కడి అవసరాల్లోంచే 1760లో లాయిడ్స్ రిజిస్టర్ పుట్టింది. ఓడ మునిగితే నష్టం భరించాల్సిన వారికి ఆ ఓడ ఎంత పటిష్ఠమో ముందే తెలియాలి కదా! మన దేశంలో ఈ పని చేసే ఇండియన్ రిజిస్టర్ ఆఫ్ షిప్పింగ్ 1975లో ఏర్పడింది.

ఈ సంస్థలు ఇచ్చే గుర్తులు ఒక సంకేత భాష. ఉదాహరణకు లాయిడ్స్ రిజిస్టర్ ఇచ్చే '100ఏ1' లో 100 అంటే సముద్రయానానికి తగినదని, ఏ అంటే నిబంధనల ప్రకారం కట్టినదని, 1 అంటే లంగరు సామగ్రి సరిగా ఉందని అర్థం. దీని ముందు మాల్టా శిలువ గుర్తు ఉంటే నిర్మాణమంతా ఆ సంస్థ పర్యవేక్షణలోనే జరిగిందన్నమాట. ఆ తర్వాత నౌక రకం, అది తిరగగలిగే ప్రాంతం తెలిపే గుర్తులు వస్తాయి.

రెండోది ప్రభుత్వం చేసే పని. నౌక ఏ దేశంలో నమోదైతే ఆ దేశపు జెండా ఎగరవేస్తుంది, ఆ దేశపు చట్టానికి లోబడుతుంది. దాన్ని జెండా దేశం అంటారు. లైఫ్‌బోట్లు ఎన్ని, మంటలు ఆర్పే ఏర్పాట్లు ఏమిటి, రేడియో ఏది, సిబ్బంది ఎంతమంది అన్నవి అంతర్జాతీయ ఒప్పందాలను అనుసరించి ఈ దేశం తేలుస్తుంది. కేమాన్ దీవులు, మాల్టా, మార్షల్ దీవులు పెద్ద యాట్ల నమోదుకు పేరుపడ్డాయి. ఇక వేరే దేశపు రేవులో అడుగుపెట్టిన నౌకను ఆ రేవు అధికారులు కూడా తనిఖీ చేయవచ్చు.

ఇంటితో పోల్చి చూస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. గోడలు, పునాది గట్టిగా ఉన్నాయని ఇంజినీరు ధ్రువీకరించడం ఒకటి. ఆ కట్టడాన్ని నివాసానికి వాడతారా, సినిమాహాలుగా వాడతారా అన్నదాన్ని బట్టి అత్యవసర ద్వారాలు ఎన్ని ఉండాలో పురపాలక సంఘం చెప్పడం మరొకటి. గోడలు అవే అయినా వాడుక మారితే నిబంధన మారుతుంది.

ఎంత పెద్దది? బరువు కాదు, ఘనపరిమాణం

జెండా దేశం అడిగే మొదటి ప్రశ్న నౌక పరిమాణం. ఇందుకు రెండు కొలతలు ముఖ్యం. ఒకటి పొడవు, దాని గీత 24 మీటర్ల దగ్గర ఉంది. రెండోది గ్రాస్ టన్నేజీ, దాని ముఖ్యమైన గీత 500 దగ్గర ఉంది.

గ్రాస్ టన్నేజీలో 'టన్ను' అన్న ధ్వని ఉన్నా అది బరువు కాదు. నౌకలో మూసి ఉన్న భాగాలన్నిటి ఘనపరిమాణం నుంచి లెక్కగట్టే సంఖ్య. 1969 అంతర్జాతీయ ఒప్పందం దీనికి ఒక సూత్రం ఇచ్చింది. మూసిన భాగాల ఘనపరిమాణాన్ని ఘనమీటర్లలో తీసుకోవాలి. దాని లాగరిథమ్‌ను 0.02తో గుణించి 0.2 కలపాలి. వచ్చిన గుణకంతో మళ్లీ ఘనపరిమాణాన్ని గుణిస్తే గ్రాస్ టన్నేజీ వస్తుంది. లాగరిథమ్ ఆధారం 10.

ఒక ఊహా తోడు నౌకతో ఈ లెక్క చేసి చూద్దాం. దాని మూసిన భాగాలు 1,600 ఘనమీటర్లు. 1,600 లాగరిథమ్ సుమారు 3.204. గుణకం సుమారు 0.264. కాబట్టి గ్రాస్ టన్నేజీ సుమారు 422. వెనక డెక్ మీద పడవలన్నీ ఆరుబయటే ఉన్నాయి. ఇప్పుడు యజమాని వాటికి ఎండ, వాన తగలకుండా 15 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు, 4 మీటర్ల ఎత్తున్న మూసిన గ్యారేజీ కట్టించాడు. అంటే మరో 480 ఘనమీటర్లు చేరి మొత్తం 2,080 అయింది. గుణకం సుమారు 0.266. గ్రాస్ టన్నేజీ సుమారు 554.

నౌక పొడవు మారలేదు. మోసే వస్తువులూ అవే. ఒక గ్యారేజీ కట్టడంతో అది 500 గీత దాటింది. 'సోలాస్' అని పిలిచే సముద్ర ప్రాణరక్షణ ఒప్పందంలోని చాలా నిబంధనలు అంతర్జాతీయ ప్రయాణం చేసే సరుకు నౌకలకు 500 నుంచే మొదలవుతాయి. తోడు నౌకల్లో చాలావాటికి వెనక భాగం విశాలంగా, తెరిచి ఉండటానికి పడవలు దించే సౌకర్యంతో పాటు ఈ లెక్క కూడా ఒక కారణం.

ఎవరిని ఎక్కించుకుంటుంది? పన్నెండు దాటితే

రెండో ప్రశ్న అన్నిటికన్నా కీలకమైనది. నౌక మీద ఉన్నవారు ఎవరు?

సోలాస్ ప్రకారం నౌకాధిపతి, సిబ్బంది, ఆ నౌక పని మీద నియమితులైనవారు, ఏడాది లోపు పసిపిల్లలు తప్ప మిగిలిన అందరూ ప్రయాణికులే. ప్రయాణికులు 12 మందికి మించితే అది ప్రయాణికుల నౌక. అలా కానిదంతా సరుకు నౌకే. 'ఇది సరుకు మోయడం లేదు కదా' అన్న వాదనకు ఇక్కడ చోటు లేదు. ఒప్పందం దృష్టిలో ప్రయాణికుల నౌక కానిదల్లా సరుకు నౌక. ఆ తర్వాత యుద్ధనౌకలు, చేపల వేట నౌకలు, 'వ్యాపారంలో లేని విహార యాట్లు' వంటి కొన్నిటికి మినహాయింపులు ఇచ్చారు.

పన్నెండు దగ్గర గీత ఎందుకు? తెలియని నౌకలో తెలియని దారుల్లో చీకట్లో బయటపడాల్సినవారి సంఖ్య పెరిగేకొద్దీ వారిని నడిపించడం సిబ్బంది శక్తికి మించిపోతుంది. అందువల్ల ప్రయాణికుల నౌకలో ఒక గది నీటితో నిండినా మునగకుండా అడ్డుగోడలు, మంట ఒకచోటే ఆగిపోయే విభాగాలు, అందరికీ చాలే ప్రాణరక్షక సాధనాలు మరింత కఠినంగా కోరతారు.

ఇప్పుడు తోడు నౌకకు వద్దాం. అతిథులందరూ యాట్ మీదే ఉంటారు. తోడు నౌకలో పడుకునేవారు ఎవరు? ఈత నేర్పే శిక్షకుడు, హెలికాప్టర్ పైలట్, జలాంతర్గామి సాంకేతిక నిపుణుడు, యాట్‌లో చోటు చాలని వంటవారు, పిల్లల ఆయా. వీరంతా జీతం తీసుకునేవారే. కానీ 'ఆ నౌక పని మీద' నియమితులైనవారేనా? యాట్‌లో వంట చేసే మనిషి తోడు నౌకలో నిద్రపోతే ఆ నౌక లెక్కలో ఆమె సిబ్బందా, ప్రయాణికురాలా?

సిబ్బందికీ ప్రయాణికులకూ మధ్య మూడో వర్గం కూడా ఉంది. పరిశోధన నౌకల్లోని శాస్త్రవేత్తలు, శిక్షణ నౌకల్లోని విద్యార్థుల వంటివారి కోసం అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2008లో ప్రత్యేక ప్రయోజన నౌకల నియమావళిని సవరించి తెచ్చింది. వీరు నౌకకు కొత్తవారు కారు, ఆరోగ్యవంతులు, భద్రతా శిక్షణ పొందినవారు. అందుకని నౌకకు దెబ్బ తగిలినా తేలి ఉండే సామర్థ్యం విషయంలో కొంత సడలింపు ఉంటుంది. మొత్తం 60 మంది లోపు ఉంటే ప్రయాణికుల నౌకకు కోరే ప్రమాణంలో 80 శాతం చాలు. 240 మంది లేదా అంతకు మించితే పూర్తి ప్రమాణం కావాలి. మధ్యలో ఉన్నవారికి అదే నిష్పత్తిలో పెరుగుతుంది. ఉదాహరణకు 150 మందికి 90 శాతం.

సముద్రంలో గాలిమరలు, చమురు వేదికల దగ్గర పని చేయడానికి వెళ్లే కార్మికుల కోసం మరో నియమావళి 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చింది. అది పారిశ్రామిక పనులకే. పిల్లల ఆయాను అందులో చేర్చలేరు.

సరుకా, సొంత సామానా?

పెద్ద యాట్లకు సోలాస్‌ను ఉన్నది ఉన్నట్టు వర్తింపజేయడం కష్టం. అందుకే బ్రిటన్ 1997లో పెద్ద యాట్లకు ప్రత్యేక నియమావళి తెచ్చింది. సోలాస్ ఒప్పందంలోనే ఇందుకు వీలుంది. అంతే రక్షణ ఇచ్చే మరో మార్గం ఉంటే జెండా దేశం దాన్ని సమానంగా అంగీకరించవచ్చు. ఆ నియమావళి మారుతూ వచ్చి, 2019 జనవరి 1 నుంచి 'రెడ్ ఎన్‌సైన్ గ్రూప్ యాట్ కోడ్' అయింది. బ్రిటన్‌తో పాటు కేమాన్, బెర్ముడా, జిబ్రాల్టర్, ఐల్ ఆఫ్ మ్యాన్ వంటి ప్రాంతాలు దీన్ని పాటిస్తాయి. ఇందులో మొదటి భాగం 24 మీటర్లు, ఆపై పొడవుండి 12 మంది వరకు ప్రయాణికులను ఎక్కించుకునే యాట్లకు. రెండో భాగం 13 నుంచి 36 మంది వరకు ఎక్కించుకునేవాటికి.

యాట్ నియమావళుల్లో మొదటి నుంచీ ఒక షరతు ఉంది. యాట్ సరుకు మోయకూడదు. తోడు నౌక ఇరుక్కునేది ఇక్కడే. దాని డెక్ మీద ఉన్న జెట్‌స్కీలు, పడవలు ఎవరివి? యాట్‌వి అనుకుంటే, ఒక నౌక మరో నౌక సామగ్రిని మోస్తోంది. వాడుక భాషలో దాన్ని సరుకు రవాణా అనే అంటాం. అవి తోడు నౌకవే, వాటిని వాడుకునే అతిథులు అక్కడికి వస్తారు అంటే అది సరుకు కాదు, సొంత సామాను. అప్పుడు అది యాట్ లాంటిదే. కానీ అతిథులు రావడం మొదలైతే వారు ప్రయాణికులు. పన్నెండు లెక్క అప్పుడు వారికీ వర్తిస్తుంది.

అదే జెట్‌స్కీ అదే డెక్ మీద ఉండగానే, ఒక సమాధానంలో సరుకు, మరో సమాధానంలో సొంత సామాను అవుతుంది. కాబట్టి తోడు నౌక నమోదుకు ముందే యజమాని, నిర్మాణ సంస్థ, వర్గీకరణ సంస్థ, జెండా దేశం కూర్చుని ఈ నౌక ఏం చేయబోతోంది, ఏం చేయబోదు అన్నది రాతపూర్వకంగా తేల్చుకోవాలి. తర్వాత వాడుక మారితే ధ్రువపత్రాలూ మారాలి.

చివరి ప్రశ్న డబ్బుది. యజమాని, ఆయన కుటుంబం, స్నేహితులు మాత్రమే వాడుకుని, అద్దెకు ఇవ్వకపోతే అది వ్యాపారంలో లేని విహార యాట్. సోలాస్ నుంచీ, ఎంత లోతు దాకా మునిగేలా బరువు ఎక్కించవచ్చో చెప్పే 1966 లోడ్ లైన్ ఒప్పందం నుంచీ దానికి మినహాయింపు ఉంది. కిరాయికి ఇస్తే అది వాణిజ్య నౌక. యాట్‌ను కిరాయికి ఇచ్చి, తోడు నౌకను మాత్రం 'సొంత వాడుక' అంటే కుదురుతుందా? ఆ కిరాయి సేవలో అదీ భాగమే కదా అని నమోదు అధికారి అడగడం సహజం. అయితే కొన్ని నిబంధనలకు ఈ తేడాలు లేవు. సముద్రంలో ఢీకొనకుండా పాటించాల్సిన నియమాలు తెప్పకైనా, తోడు నౌకకైనా ఒకటే. నూనె, చెత్త సముద్రంలో కలపకూడదన్న మార్పోల్ ఒప్పందం నుంచీ విలాసం పేరుతో తప్పించుకోలేరు.

గ్యారేజీలో పెట్రోలు, క్రేన్ చివర బరువు

ఈ కాగితాల లెక్కలకూ భౌతిక శాస్త్రానికీ దగ్గరి సంబంధం ఉంది. రెండు ఉదాహరణలు చూద్దాం.

నౌకల ఇంజిన్లలో వాడే ఇంధనం సాధారణంగా 60 డిగ్రీల సెల్సియస్ లోపు మండే ఆవిర్లు ఇవ్వకూడదన్నది సోలాస్ నియమం. జెట్‌స్కీలు తాగేది పెట్రోలు. అది సున్నాకు 40 డిగ్రీల కింద కూడా నిప్పంటుకోగల ఆవిరి ఇస్తుంది. హెలికాప్టర్ ఇంధనానికి ఆ హద్దు సుమారు 38 డిగ్రీలు. పైగా పెట్రోలు ఆవిరి గాలి కన్నా బరువు. అది పైకి పోకుండా నేల మీద పారుతూ పల్లపు మూలల్లో పోగవుతుంది.

ఇందాకటి గ్యారేజీనే తీసుకుందాం. ఒక లీటరు పెట్రోలు పూర్తిగా ఆవిరైతే సుమారు 200 లీటర్ల ఆవిరి వస్తుంది. గాలిలో అది దాదాపు 1.4 శాతం చేరితే చాలు, నిప్పురవ్వకు పేలగలదు. అంటే ఒక లీటరు సుమారు 14 ఘనమీటర్ల గాలిని ప్రమాదకరంగా మార్చగలదు. 20 లీటర్లు ఒలికితే సుమారు 280 ఘనమీటర్లు. గ్యారేజీ మొత్తం 480 ఘనమీటర్లే! అందుకే ఇలాంటి చోట నేల దగ్గరే ఆవిరిని పసిగట్టే పరికరాలు, కింది నుంచి గాలిని లాగే పంకాలు, రవ్వలు రాని విద్యుత్ సామగ్రి తప్పనిసరి. ఆరుబయట డెక్ మీద అదే పెట్రోలు ఒలికితే గాలికి చెదిరిపోతుంది. గ్యారేజీ కట్టడం వల్ల గ్రాస్ టన్నేజీ పెరిగినట్టే అపాయమూ పెరిగింది.

రెండోది క్రేన్. డెక్ మీద 10 టన్నుల పడవ ఉన్నప్పుడు దాని బరువు డెక్ ఎత్తులోనే పని చేస్తుంది. క్రేన్ దాన్ని డెక్ నుంచి ఒక అంగుళం పైకి లేపగానే ఆ బరువు క్రేన్ కొస నుంచి వేలాడుతున్నట్టే. నౌక దృష్టిలో 10 టన్నులు ఒక్కసారిగా క్రేన్ కొస ఎత్తుకు చేరాయి. ఇక పక్కకు తిప్పితే నౌక ఆ వైపు ఒరుగుతుంది. నెత్తిన బిందె పెట్టుకుని నడిచే మనిషి ఒక చేత్తో మరో బిందెను పక్కకు చాచి పట్టుకుంటే ఎలా ఉంటుందో ఇదీ అంతే. తోడు నౌక రోజంతా చేసే పని ఇదే కాబట్టి, సరుకుతో, సరుకు లేకుండా, ట్యాంకులు నిండుగా ఉన్నప్పుడు, ఖాళీ అవుతున్నప్పుడు, క్రేన్ పని చేస్తున్నప్పుడు నౌక ఎంత నిలకడగా ఉంటుందో విడివిడిగా లెక్కించి ఆ పుస్తకాన్ని నౌకలో ఉంచాలి.

పేరు మార్చితే ప్రమాదం మారదు

మనుషులను ఏ పేరుతో పిలుస్తామన్నది ఎంత దూరం పోతుందో టైటాన్ దుర్ఘటన చూపించింది. 2023 జూన్ 18న ఉత్తర అట్లాంటిక్‌లో మునిగిపోయిన టైటానిక్ శిథిలాలను చూడటానికి ఐదుగురితో వెళ్లిన టైటాన్ అనే చిన్న జలాంతర్గామి నీటి ఒత్తిడికి నలిగిపోయింది. ఐదుగురూ మరణించారు. దాన్ని అక్కడి దాకా తీసుకెళ్లిన సహాయక నౌక పేరు పోలార్ ప్రిన్స్.

టైటాన్‌కు ఏ వర్గీకరణ సంస్థ ధ్రువీకరణా లేదు. డబ్బు చెల్లించి దిగేవారిని నిర్వాహకులు ప్రయాణికులు అనలేదు, 'మిషన్ స్పెషలిస్టులు' అన్నారు. ప్రయాణికులు అంటే అందుకు తగిన నిబంధనలు వస్తాయి మరి. అమెరికా కోస్ట్‌గార్డ్ విచారణ మండలి 2025 ఆగస్టులో ఇచ్చిన నివేదిక ఈ ప్రమాదం నివారించదగినదేనని తేల్చింది. నిబంధనల మధ్య ఉన్న ఖాళీలను, అస్పష్టతను వాడుకున్న తీరును ఎత్తిచూపింది.

టైటాన్ విలాస నౌకల తోడు వ్యవస్థలో భాగం కాదు. కానీ తోడు నౌకలు కూడా చిన్న జలాంతర్గాములను మోస్తాయి. అవీ అతిథులను లోతుకు తీసుకెళ్తాయి. కాగితం మీద ఏ పేరు రాసినా సముద్రపు ఒత్తిడి ప్రతి 10 మీటర్ల లోతుకు సుమారు ఒక వాతావరణ పీడనం చొప్పున పెరుగుతూనే ఉంటుంది.

సిబ్బంది సంగతేమిటి?

వర్గీకరణ ప్రభావం అందరికన్నా ఎక్కువ రోజులు పడేది సిబ్బంది మీద. 2006 సముద్ర కార్మికుల ఒప్పందం 2013 ఆగస్టు 20 నుంచి అమల్లో ఉంది. భారతదేశం 2015లో దీన్ని ఆమోదించింది. దీని ప్రకారం నావికులకు ఏ 24 గంటల్లోనైనా కనీసం 10 గంటలు, ఏ 7 రోజుల్లోనైనా కనీసం 77 గంటలు విశ్రాంతి ఉండాలన్నది ఒక పద్ధతి. జీతం, వైద్యం, ఇంటికి తిరిగి పంపే ఖర్చు, పడక గదుల కొలతలకు కూడా నియమాలున్నాయి.

అయితే ఈ ఒప్పందం సాధారణంగా వాణిజ్య కార్యకలాపాల్లో ఉన్న నౌకలకే వర్తిస్తుంది. తోడు నౌక ముందుగా వెళ్లి పడవలు దించుతుంది, పగలంతా అతిథులకు సేవ చేస్తుంది, రాత్రి అన్నీ ఎక్కించుకుని మళ్లీ ముందుకు కదులుతుంది. అలసట ఎక్కువగా ఉండే పని ఇది. 'సొంత వాడుక' నౌకగా నమోదైతే జెండా దేశపు చట్టం విడిగా చెప్పకపోతే ఈ రక్షణ అందకపోవచ్చు. ఇలాంటి ఉద్యోగాలకు వెళ్లే మన యువకులు ఒప్పందం మీద సంతకం చేసే ముందు నౌక ఏ జెండా కింద ఉంది, వాణిజ్య నౌకా, సొంత నౌకా అని అడిగి తెలుసుకోవడం మంచిది.

కామ్‌రేజ్ నుంచి సముద్రం దాకా

ఇప్పుడు మళ్లీ తాపీ ఒడ్డుకు వద్దాం. కామ్‌రేజ్ దగ్గర ఒక చిన్న తోడు పడవ ఉందని ఊహించుకుందాం. అది నదిలోనే తిరిగితే వర్తించేది 2021 నాటి అంతర్గత నౌకల చట్టం. 1917 నాటి పాత చట్టం స్థానంలో ఇది వచ్చింది. నీటిలో వచ్చే అలల ఎత్తును బట్టి జలాలను మండలాలుగా విభజించి, ఆ మండలానికి తగిన పటిష్ఠతను కోరడం ఇందులో ప్రధాన సూత్రం. నమోదు, తనిఖీ, బీమా, సరంగు అర్హత పత్రం ఇందులోనే వస్తాయి. 2016 చట్టం ప్రకటించిన జాతీయ జలమార్గాల జాబితాలో తాపీ కూడా ఉంది.

అదే పడవ నదీముఖం దాటి హజీరా అవతల ఖంభాత్ సింధుశాఖలోకి వెళ్తే అలలు, పోటుపాట్లు మారిపోతాయి. అక్కడ వర్తించేది మర్చంట్ షిప్పింగ్ చట్టం. 1958 నాటి ఆ చట్టం స్థానంలో 2025లో పార్లమెంటు కొత్త చట్టాన్ని ఆమోదించింది. 1958 చట్టంలోనూ ప్రయాణికుల నౌకకు గీత 12 దగ్గరే ఉండేది. అక్కడి నుంచి విదేశీ రేవుకు బయలుదేరితే అంతర్జాతీయ ఒప్పందాలు తోడవుతాయి. పడవ ఒకటే అయినా నీరు మారితే చట్టం మారుతుంది.

ఇదంతా సంపన్నుల వ్యవహారం అనుకోవడానికి లేదు. 2019 సెప్టెంబరు 15న గోదావరి మీద పాపికొండలకు వెళ్తున్న పర్యాటక బోటు దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర వరద ప్రవాహంలో మునిగింది. అందులో 70 మందికి పైగా ఉన్నారు. సగానికి పైగా ఇళ్లకు తిరిగి రాలేదు. బోటు ఎంతమందికి తగినది, ఏ నీటి ప్రవాహానికి తగినది, ఎవరు నడుపుతున్నారు, లైఫ్ జాకెట్లు ఒంటి మీద ఉన్నాయా అన్న ప్రశ్నలు ఆ రోజు తెలుగువారందరి నోటా వినిపించాయి. తోడు నౌకను నమోదు చేసే అధికారి అడిగేవీ ఇవే ప్రశ్నలు.

గుర్తుంచుకోవాల్సినవి

నౌక వర్గాన్ని నిర్ణయించేది దాని రూపమో, ఖరీదో కాదు. ఎంత పెద్దది, ఎవరిని ఎక్కించుకుంటుంది, ఏమి మోస్తుంది, డబ్బు తీసుకుంటుందా, ఏ నీటిలో తిరుగుతుంది అన్న ఐదు ప్రశ్నలు.

గ్రాస్ టన్నేజీ బరువు కాదు, మూసిన భాగాల ఘనపరిమాణం నుంచి వచ్చే సంఖ్య.

వర్గీకరణ సంస్థ నౌక పటిష్ఠతను ధ్రువీకరిస్తుంది. జెండా దేశం దాని వాడుకకు తగిన నిబంధనలను అమలు చేస్తుంది. రెండూ అవసరమే.

ప్రయాణికులు 12 దాటితే నిబంధనలు మారతాయి. వారిని వేరే పేరుతో పిలిచినంత మాత్రాన ప్రమాదం తగ్గదు.

రెండు వేల ఏళ్ల కిందట ఈ తీరంలో ఎదురు వెళ్లి ఓడలను నడిపించిన జాలరులకు ఏ మేట ఎక్కడుందో, ఏ పోటుకు ఏ పడవ ఆగుతుందో అనుభవంతో తెలుసు. నేటి నియమావళులు అలాంటి అనుభవాన్నే, చాలాసార్లు ప్రమాదాల తర్వాత, అంకెల్లో రాసిపెట్టాయి. తదుపరిసారి బోటు ఎక్కేటప్పుడు దాని మీద రాసి ఉన్న ప్రయాణికుల సంఖ్యను ఒకసారి చూసి, ఎక్కినవారిని లెక్కపెట్టుకుంటే ఆ అంకె రాసినందుకు ఫలితం దక్కినట్టే.